జడ కట్టకముందే చెప్పాల్సిన మాట

చేవెళ్ల బస్టాండు వెనక గల్లీల ముప్పై ఎనిమిదేండ్లు నాకొక దుకాణం ఉండె. వేషాల బట్టలు కిరాయికిచ్చుడు, పిలిచిన కాడికి పెట్టె పట్టుకొని పోయి మొఖాలకు రంగులేసుడు నా పని. బళ్ల వార్షికోత్సవాలకు పిల్లల్ని జవాన్లను చేసిన, నెమళ్లను చేసిన, కన్నతల్లులు గుర్తుపట్టనంతగ రాక్షసులను చేసిన. ఒకసారి ఎన్నికలప్పుడు ఊరేగింపుల నలుగురికి పులివేషం కావాలంటే అదీ వేసిన. పులులు మంచిగనే వచ్చినయి గానీ, ఆ పార్టీ నిలబెట్టిన మనిషి ఓడిపోయిండు.

ఇప్పుడు ఆ షటర్ల ఇద్దరు ఆడపిల్లలు బ్యూటీ పార్లర్ నడుపుతున్నరు. మొయినాబాద్ దిక్కు ఫంక్షన్ హాళ్లకు పోయి పెండ్లికూతుళ్లకు మేకప్ చేస్తరు. నేను అటు దిక్కు పోతే కుర్చీ వేసి కూసోబెడ్తరు. మొన్న ఒకామె అడిగింది, "తాతా, నీ సర్వీసుల అన్నిటికంటె కష్టమైన మొఖం ఏది?" అని.

"చెమట పట్టే మొఖం" అన్న.

ఆమె నవ్వుకుంట ఫోన్‌ల రాసుకున్నది. నేను ఇంటికొచ్చిన. ఆ జవాబు తప్పు కాదు, కానీ అసలు జవాబు కూడ కాదు. అసలుది చెప్పాలంటే ఒక పూట సంగతి చెప్పాలె. మొఖం ఎదురుగ పెట్టుకొని చెప్పేంత ధైర్యం నాకు లేదు. అందుకే రాస్తున్న. ఈ పనిల ఉన్న పిల్లలు చదివితే మంచిదే.

యక్షగానం చూడనోళ్లకు రెండు మాటలు చెప్త. పాట, ఆట, మాట మూడు కలిసిన నాటకం అది. మా దిక్కు పొలం పనులు చేసుకునేటోళ్లే ఒక పంతులు కాడ నెలల తరబడి నేర్చుకొని ఆడేటోళ్లు. పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు ఉంటయి. వేషం వేసినోడు ఊరికెనే నడుచుకుంట రంగం మీదికి రాడు. ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకొని నిలబడతరు. దాని వెనక అడుగులేసుకుంట, తానెవరో పాటల చెప్పుకుంట వస్తడు. ఆ పాటను ప్రవేశ దరువు అంటరు. దరువు అయినంక తెర దిగుతది, అప్పుడు మొఖం కనపడుతది. జనం మొదటిసారి చూసే ఆ మొఖం నా పని.

నేను చెప్పే పెద్దాయన షాబాద్ పోయే తొవ్వల ఒక ఊర్లె ఉండె. ఉన్న రెండెకరాలల్ల క్యారెట్, టమాట పండించేటోడు. ఆ ఊరి ఆటగాళ్ల మేళానికి పంతులు ఆయనే, రాణి వేషాలు వేసేది కూడ ఆయనే. మగాయన ఆడవేషం వేసుడు అప్పట్ల వింత కాదు. క్యారెట్లు గుంజీ గుంజీ ఆయన చేతులు మొద్దుబారి ఉండె. అవే చేతులు రంగం మీద జడ ముందలికి వేసుకుంటే, ఆ వేళ్లు మెత్తబడ్డట్టు కనపడేది. ఇది నేను పక్కన నిలబడి చూసి చెప్తున్న. ముందల కూసొని చూసే భాగ్యం మాకు తక్కువ.

ముప్పై ఏండ్లు ఆయన మొఖం నా చేతులల్లనే ఉన్నది. నన్ను "ఏరా" అని పిలిచేటోడు. నేను "బాపు" అనేటోణ్ణి. నా కన్నబాపు నాకు పదేండ్లప్పుడే పోయిండు కాబట్టి ఆ మాట అనేటానికి నాకు వేరే మనిషి లేడు.

ఆయన కాడ ఒక పద్ధతి ఉండె. పసుపు రంగు పూసేటప్పుడు మాట్లాడడు. కనుబొమ్మలు దిద్దినంక జర మాట్లాడుతడు. సవరం పెట్టి జడ కట్టిన్నంటె, ఇగ ఆయన ఆయన కాదు. మేళం మొత్తం "అమ్మ" అనాలె. "అమ్మకు నీళ్లియ్యిండ్రి", "అమ్మ లేచింది", ఇట్ల. కొత్తగ వచ్చినోడు మరిచిపోయి "ఆయన ఏడి" అంటె మద్దెలాయన కండ్లెర్రజేసేటోడు. జడ కట్టినంక ఇంటి ముచ్చట్లు, పొలం ముచ్చట్లు, చావు కబుర్లు ఏవీ చెప్పద్దు. ఏదన్న చెప్పేదుంటె అంతకుముందే చెప్పాలె.

ఏండ్లు గడిచినయి. తెల్లార్లు ఆడే ఆటలు రెండు గంటల ప్రోగ్రాములైనయి. పెద్దాయనకు డెబ్బై దాటినయి. ఒక ఏడు షాబాద్ కాడ ఆడేటప్పుడు మోకాలు మడతబడి తెర మీదనే పడ్డడు. మళ్ల లేచి ఆట పూర్తి చేసిండు. కానీ ముందల కూసున్న పోరలు ఫోన్లల వీడియో తీసుకుంట నవ్విండ్రు. ఆ రోజు కూడ రంగు నేనే తుడిచిన. లోపల మాత్రం, ఇగ చాలు, ఈయన మానుకుంటె మంచిదని నాకే అనిపించింది. ఈ సంగతి ముందల చెప్తున్న ఎందుకంటె, తరువాత జరిగినదాంట్ల నేనేదో ఎవరో చెప్పిన మాట మోసుకపోయినోణ్ణని మీరనుకోవద్దు. అది నా మనసుల మాట కూడ.

ఆ మరుసటేడు మొయినాబాద్ మండలంల, చిన్న మంగళారానికి దగ్గర్ల ఒక పెద్ద రైతు ఫంక్షన్ హాలు కట్టిండు. ఒకప్పుడు సర్పంచి చేసిన మనిషి. అందరం పటేలా అనేటోళ్లం. వాళ్ల నాయన కాలంల ఈ మేళం వాళ్ల ఇంటి ముందల ఎన్నో సార్లు ఆడింది. హాలు తెరిచి ఏడాదైన సందర్భాన యక్షగానం పెట్టిస్త అన్నడు. సాయంత్రం నాలుగు గంటలకు ఆట. పట్నం నుంచి పెద్దమనుషులు వస్తరు. పెద్దాయన ఈ కబురు విని ఎంత సంబురపడ్డడో నాకు తెలుసు. నాలుగు దిక్కులకు ఫోన్ చేసి చెప్పుకున్నడు.

ఆటకు నాలుగు రోజుల ముందు పటేల్ నా దుకాణానికి వచ్చిండు. కారు గల్లీ మొదట్ల ఆపి నడుచుకుంట వచ్చిండు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

"అన్నా, ఒక మాట," అన్నడు కూసోకుండనే. "రాణి వేషం ఈసారి ఆ పట్నం అమ్మాయితోని వేయిస్తున్నం."

ఆ అమ్మాయి నాకు తెలుసు. హైదరాబాద్‌ల కూచిపూడి నేర్చుకున్నది. ఏడాది సంది ప్రతి ఆదివారం స్కూటీ మీద పెద్దాయన ఊరికి వచ్చి దరువులు నేర్చుకుంటుండె. పెద్దాయనకు ఆమె మీద మస్తు గురి. తన తరువాత ఈ పాటలు ఆమె నోట్లనే ఉంటయని అనేటోడు.

"మరి బాపు?" అన్న.

"షాబాద్‌ల నువ్వు చూసినవు గద. పడ్డడు. పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు, వాళ్ల ముందల గట్లనే అయితే ఆయనకే నామోషి. సన్మానం చేద్దాం. మంచి శాలువా తెప్పించిన. పది మాటలు నేనే మాట్లాడుత. ఆట మాత్రం ఆ పిల్ల చేస్తది."

"ఈ మాట మీరే చెప్పుండ్రి పటేలా."

"నేను చెప్తె పటేల్ వద్దన్నడు అనుకుంటడు. మా నాయన ఉంటె గిట్ల జరగకపోయేది అంటడు. నువ్వు చెప్తె పని తెలిసినోడు చెప్పిండు అనుకుంటడు. ముప్పై ఏండ్ల సంది నీ చేతుల మొఖం పెడుతున్నడు. నువ్వు చెప్పు, వింటడు."

నేను జరసేపు ఆలోచించి "సరే" అన్న. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నీకు విలువుందని ఒక పెద్దమనిషి నా దుకాణంల నిలబడి చెప్తె లోపల జర ఉబ్బిన కూడ. నిజం చెప్పుకోవాలె.

"ఫికర్ చెయ్యకుండ్రి, నేను చెప్త," అన్న. పటేల్ ఆ అమ్మాయికి గూడ అదే చెప్పిండు, మీ గురువుకు చెప్పించినం, ఆయనకు ఎరుకే అని.

ఆ సాయంత్రమే ఫోన్ చేసిన. పెద్దాయన ఎత్తుడు ఎత్తుడే, "ఏరా, మీసం తీసిన," అన్నడు. ఆట ఉన్నప్పుడే ఆయన మీసం తీసేది. "మనుమరాలు గుర్తుపడ్తలేదురా. ఎవరు నువ్వు అంటున్నది." వెనక చిన్నపిల్ల నవ్వు వినపడ్డది.

మీసం తీసుకున్న మనిషికి ఆ మాట ఎట్ల చెప్పాల్నో నాకు సమజ్ కాలే. "మంచిగున్నవా బాపు?" అని అడిగి పెట్టేసిన. తెల్లారి ఊరికి పోయి ఎదురుగ చెప్త అనుకున్న. తెల్లారి దుకాణానికి గిరాకీ వచ్చింది. ఆ తెల్లారి కూడ ఏదో వచ్చింది. వెతికితే పని ఎప్పుడూ దొరుకుతది.

ఆట రోజు పొద్దున చేవెళ్ల బస్టాండుల కలిసినం. ఆయన ఒడిల పాత చీర ముక్కల చుట్టిన మూట ఉన్నది. విప్పి చూపించిండు. తేలిక కట్టెతోని చేసిన భుజకీర్తులు, రాణి భుజాల మీద పెట్టేటివి. ఊడిపోయిన అద్దాల బిళ్లలన్నీ మళ్ల అతికించిండు, పైన బంగారు కాగితం కొత్తగ వేసిండు.

"పది రోజులు పట్టిందిరా," అన్నడు. "ఇంగో, మోకాలుకు దవాఖానల సూది ఏయించుకున్న. సాయంత్రం దాక నొప్పి రాదని డాక్టర్ సాబ్ చెప్పిండు. ఈసారి పడను, భయపడకు."

బస్సు మొయినాబాద్ చేరే దాక ముప్పావు గంట ఆయన పక్కనే కూసున్న. నోరు తెరువలేదని కాదు, మూడు సార్లు తెరిచిన. ఒకసారి టికెట్ల గురించి అడిగిన. ఒకసారి క్యారెట్ ధర అడిగిన. మూడోసారి ఏమడిగిన్నో యాదికి లేదు.

హాలుల మాకు పెండ్లికూతురి గది ఇచ్చిండ్రు. ఏసీ, గోడంత అద్దం, అద్దం చుట్టూ బల్బులు. పెద్దాయన అన్ని ఏండ్లల్ల బడి అరుగుల మీద, బర్రెల కొట్టంల, లారీ వెనక కూసొని రంగు వేయించుకున్న మనిషి. ఆ గది చూసి గడపల చెప్పులిడిచిండు. అద్దం ముందల కుర్చీల కూసొని కండ్లు మూసుకున్నడు.

అప్పుడు ఒంటిగంట. నేను పెట్టె తెరిచిన. ఇప్పుడు చెప్తనే అనుకున్న. కొబ్బరినూనె రాసేటప్పుడు చెప్దామనుకున్న. ముసలి చర్మం, నూనె పట్టాలంటె మెల్లగ వేళ్లతోని అద్దాలె. చెంపలు, గదుమ, మెడ. మీసం తీసిన చోట చర్మం తెల్లగ, చిన్నపిల్లల చర్మం లెక్క ఉండె. పసుపు రంగు షురూ చేస్తే ఇగ మాట్లాడొద్దు గద, అది ఆరినంక చెప్త అనుకున్న. అది ఆరింది. కనుబొమ్మలు దిద్దినంక ఆయనే మాట్లాడుతడు, అప్పుడు మాటల మాటగ చెప్త అనుకున్న.

చెప్పాలంటె విచిత్రం, ఆ రోజు నా చెయ్యి ఎన్నడూ లేనంత మంచిగ నడిచింది. కనుబొమ్మ ఒక్క గీతల వచ్చింది. ముడతలు ఎక్కడియక్కడ దాగినయి. చెప్పలేని మాట బదులు పనిని మంచిగ చేస్తున్న నేను. అప్పుడు ఆ సంగతి నాకు తెల్వదు. ఎంత మంచిగ చేస్తే తప్పు అంత పెద్దదైతున్నదని కూడ తోచలే.

మద్దెలాయన ఏదో తీసుకపోయేటానికి గదిలకు వచ్చి, కుర్చీల పెద్దాయనను చూసి ఆగిండు. వేషం అమ్మాయిదని, పెద్దాయనకు ముందే ఎరుకని మేళానికి పొద్దుననే చెప్పిండ్రు. ఆయన అద్దంలకెల్లి నా దిక్కు చూసి, ఏందిది అన్నట్టు కనుబొమ్మ లేపిండు. చెప్త, చెప్త అన్నట్టు నేను చెయ్యి ఊపిన. ఆయన తలుపు మెల్లగ దగ్గరికేసి పోయిండు.

కనుబొమ్మలైనంక పెద్దాయన కండ్లు తెరిచి చూసుకున్నడు.

"ఏరా, నీ చెయ్యి ఇంక పడుచుగనే ఉన్నది," అన్నడు.

అప్పుడు చెప్పాలె. చీర కట్టిన. భుజకీర్తులు పెట్టిన. సవరం చేతుల పట్టుకొని ఆయన వెనక నిలబడ్డ. ఇంతసేపు ఆగినోన్ని, ఇప్పుడు చెప్తె ఇప్పటిదాక ఎందుకు చెప్పలేదంటడు అని భయమైంది. ఆలస్యం చేసిన ప్రతి నిమిషానికి కూడ నేనే జవాబు చెప్పాల్సి వచ్చింది. పటేల్ వచ్చి ఏదో సర్దుతడులే అనుకున్న. ఆఖరికి మనసు మార్చుకొని పెద్దాయననే ఆడమంటడేమో అని కూడ అనుకున్న. ఇవన్నీ అనుకుంటనే జడ కట్టేసిన.

ఆయన వెన్ను నిటారైంది. గదుమ జర లేచింది. ఇగ ఆ కుర్చీల క్యారెట్ రైతు లేడు.

మూడున్నరకు తలుపు కొట్టి ఆ అమ్మాయి లోపలికి వచ్చింది. ఆమె మొఖానికి పట్నం నుంచి వచ్చిన మనిషి వేరే గదిల రంగు వేసిండు. రాణి చీర, రాణి జడ, కాళ్లకు గజ్జెలు. తల వంచుకొని వచ్చి ముందుగ పెద్దాయన కాళ్లకు మొక్కింది.

"గురువుగారూ, ఆశీర్వదించండి. మీరు నేర్పిన దరువు మీ ముందే చేస్తున్నాను. చాలా భయంగా ఉంది," అన్నది. అప్పుడు తలెత్తి చూసింది. అద్దంల ఇద్దరు రాణులున్నరు.

ఆమె మొఖం పాలిపోవుడు రంగు కింద నుంచి కూడ కనపడ్డది.

"మీకు చెప్పామన్నారు," అన్నది. "సార్ నాతో మీకు చెప్పామన్నారు. గురువుగారూ, నేను చెయ్యను. మీరే చెయ్యండి. నేను వెళ్లి చెప్తాను."

పెద్దాయన ఆమె దిక్కు చూడలేదు. అద్దంల నన్ను చూసిండు. తరువాత ఆమె తల మీద చెయ్యి పెట్టిండు.

"నువ్వే చేయాలె బిడ్డా. నిన్ను పిలిచిండ్రు, నిన్నే చూడనీకి కూసున్నరు. తెర వెనక తొందరపడకు. నీకు రెండో చరణం కాడ ఊపిరి సరిపోతలేదు, అక్కడ తలతిప్పి తీసుకో. ఎవరికీ కనపడదు." ఆమె ఏడుస్తుంటె, "కాటుక పోతది," అన్నడు. "పో."

ఆమె పోయింది. తలుపు మూసుకున్నది.

"నీకు ఎరుకేనా?" అని అడిగిండు.

"లేదు బాపు," అన్న. "నాకు తెల్వదు."

ఎందుకన్న? నేను ఇన్నేండ్ల సంది అడుక్కుంటున్న. చెప్పకపోవుడు ఒక తప్పు. దానికి భయం, ప్రేమ, జాలి, ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. ఈ అబద్ధానికి పేరేమీ లేదు. నోట్లకెల్లి వచ్చింది, అంతే.

ఆయన తలూపిండు. నమ్మిండు. నమ్మినట్టు నాకు కనపడ్డది, ఆ ఒక్క నిమిషం నాకు పాణం నిమ్మళమైంది కూడ.

అప్పుడే పటేల్ వచ్చిండు. తెల్ల బట్టలు, చేతుల మడత పెట్టిన శాలువా. పెద్దాయన వేషం చూసి గడపలనే ఆగిపోయిండు. కోపం రాలేదాయనకు, పరేషానైండు. నా దిక్కు తిరిగి, "నాలుగు రోజుల కిందనే నీకు చెప్పిన గదన్నా," అన్నడు. "నేను చెప్త, ఫికర్ చెయ్యకుమన్నవు గద."

నేను దువ్వెనలు సర్దుకుంట నిలబడ్డ. సర్దేటానికి రెండే దువ్వెనలున్నయి.

"పెద్దాయనా, తప్పు మాదే. తుడుచుకొని రా, సన్మానం చేసుకుందాం," అన్నడు పటేల్. "ఇట్ల రావద్దు, ఆ పిల్ల కూడ అదే వేషంల ఉన్నది, జనానికి సమజ్ కాదు."

"వస్త, మీరు నడువుండ్రి," అన్నడు పెద్దాయన.

పటేల్ పోయినంక నేను నూనె సీసా, గుడ్డ తీసుకొని దగ్గరికి పోయిన. ముప్పై ఏండ్లు ఆయన రంగు తుడిచేది నేనే. ఆటల ఎంత అలసిపోయినా కండ్లు మూసుకొని మొఖం నా చేతులకిచ్చేటోడు.

చెయ్యి అడ్డం పెట్టిండు. "నువ్వు వద్దు," అన్నడు.

జడ తనే విప్పుకున్నడు. అలవాటు లేదు గద, పిన్నులు దొరకలే, గుంజితే రెండు తెల్లవెంట్రుకలు వాటితోని వచ్చినయి. కుర్చీ మీది తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. నూనె లేకుంట ఆ రంగు పోదు. కనుబొమ్మల నలుపు నుదుటికి పూసుకున్నది. చెవుల పక్కన పసుపు అట్లనే ఉండిపోయింది. అంగీ దోతి వేసుకొని బయటికి పోయిండు.

రంగం ఎక్కలేదు. శాలువా పటేల్ చేతులనే ఉండిపోయింది. పెద్దాయన సౌండ్ పెట్టెల పక్కన గోడకు ఆనుకొని నిలబడ్డడు. ఇద్దరు తెర పట్టిండ్రు. ఆ పిల్ల గొంతు మొదట వణికింది. తరువాత నిలబడ్డది. రెండో చరణం కాడ తల తిప్పి ఊపిరి తీసుకున్నది, ఎవరికీ కనపడలే. అబద్ధం చెప్పలేను, మంచిగ చేసింది. చాలా మంచిగ చేసింది. ఆట పాడైతె నేను తప్పించుకునేటోణ్ణేమో. పెద్దాయన లేకుంటె ఇట్లనే అయితది అని అందరితోని అనేటోణ్ణి. ఆ సందు కూడ లేదు.

ఆట అయ్యే దాక ఆయన వేళ్లు తొడ మీద తాళం వేస్తనే ఉన్నయి. అయినంక మద్దెలాయనతోని "మంచిగ చేసింది," అని ఒక్క మాట చెప్పి, భుజకీర్తుల మూట పట్టుకొని గేటు దాటిండు. నేను వెనకబడి పోయిన. ఒకే ఆటోల మెయిన్ రోడ్డు దాక వచ్చినం. ఒకే బస్సుల చేవెళ్ల వచ్చినం. ఆయన ముందు సీట్ల, నేను ఆఖరి సీట్ల. బస్సుల ఎవరో చిన్నపిల్ల ఆయన మొఖం చూసి తల్లి కొంగు చాటుకు పోయింది. చేవెళ్లల దిగి షాబాద్ ఆటో ఎక్కిండు. వెనక్కి తిరగలే.

రెండు నెలలు నేను ఆ తొవ్వ తొక్కలే. తరువాత సిగ్గు చంపుకొని ఒక పొద్దున పోయిన. ఆయన వాకిట్ల మంచం మీద కూసొని చిక్కుడుగింజలు ఒలుస్తుండె. మీసం మళ్ల పెరిగింది, తెల్లగ.

"రాండ్రి," అన్నడు. "కూసోండ్రి."

నేను వెనక ఎవరన్న ఉన్నరా అని తిరిగి చూసిన. ఎవరూ లేరు. లోపలికి చూసి, "సారుకు ఛాయ పెట్టు," అన్నడు. ఆయన ఇంటామె అవ్వ గ్లాసు పట్టుకొని వచ్చి ఆయన మొఖం, నా మొఖం మార్చి మార్చి చూసింది. ఆమెకూ కొత్తనే.

"తప్పైంది బాపు," అన్న. ఇంకా చాలా అనుకొని పోయిన. అదొక్కటే వచ్చింది.

ఆయన చిక్కుడుకాయ ఒలిచి గింజలు గిన్నెల వేసిండు. "నాకు మోకాలు తెల్వదా? నేను మానుకోవాల్నని నాకు తెల్వదా? ఆ పిల్లకు నేర్పిందే అందుకు గద," అన్నడు. "మీరు చెప్పుంటె ఒకరోజు కోపం చేసేటోణ్ణి. తరువాత ఒప్పుకునేటోణ్ణి. ఆఖరి వేషమని తెలిసుంటె, ఆ అద్దంల ఇంకో తీరుగ చూసుకునేటోణ్ణి. ఇంకా ఉన్నయనుకొని చూసుకున్న."

అంతకంటె ఒక్క మాట కూడ కఠినంగ అనలేదు. బయలుదేరేటప్పుడు క్యారెట్లు సంచి నిండ పెట్టించిండు. నేను వేషం పెట్టె తెస్త, మీ ఇంట్లనే ఒకసారి వేస్త అన్న. "ఎందుకులెండ్రి, ఎవరు చూడాలె," అన్నడు.

ఆ తరువాత నెలకో, రెండు నెలలకో పోయేటోణ్ణి. ప్రతిసారి రాండ్రి, కూసోండ్రి, తాగుండ్రి. ఏనాడన్న యాదిమరిచి ఏరా అంటడేమో అని చెవులు పెట్టుకొని కూసునేటోణ్ణి. ఇంకో రెండు వానకాలాలు బతికిండు. ఒక్కసారి కూడ మరువలే.

ఆయన పోయిన ఏడాదికి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. మేళాన్ని తను నిలబెట్టుకున్నది. చేవెళ్లల ఒక బడిల పగటి ఆట పెట్టింది. "పట్నం మేకప్ వద్దండి. గురువుగారికి వేసిన పసుపే కావాలి, మీరే రావాలి," అన్నది. దుకాణం అప్పటికే తీసేసిన. అయినా పోయిన.

తరగతి గదిల బల్ల మీద పెట్టె పెట్టుకొని ఆమె మొఖానికి నూనె అద్దుతున్న. కండ్లు మూసుకొనే మాట్లాడింది.

"ఆ రోజు గురించి మిమ్మల్ని ఒక్క మాట అడగాలనుకునేదాన్ని. గురువుగారు ఎప్పుడూ అనేవారు, పాపం ఆయనకి కూడా తెలియదమ్మా, సార్ వాళ్లు పంపిన కబురు మా ఇద్దరికీ అందలేదు, ఆయన్ని ఏమీ అనుకోకు అని. మేళంలో అందరికీ అదే చెప్పారు. మీరు చాలా బాధపడి ఉంటారు కదా?"

నా వేళ్లు ఆమె చెంప మీదనే ఆగినయి. నాతోని మీరు, మీరు అనుకుంట, నా వెనక నన్ను కాపాడుకుంట వచ్చిండన్నమాట. ఆట అయినంక చెప్దాం, ఇప్పుడు చెప్తె పిల్ల మనసు పాడైతదని ఒక ఆలోచన రానే వచ్చింది. ఆ ఆలోచన మొఖం నేను గుర్తుపట్టిన.

"నాకు తెలుసమ్మా," అన్న. "నాలుగు రోజుల ముందే తెలుసు. నేనే చెప్త అన్న. చెప్పలే."

ఆమె కండ్లు తెరిచింది. కోపముందో, దుఃఖమో ఆ నూనె మొఖంల నాకు తెల్వలే. అప్పుడు అడిగింది.

"ఆ రోజు నేను గదిలోకి రాకపోయి ఉంటే, ఎప్పుడు చెప్పేవారు?"

చెప్పేటోన్నే అని అనొచ్చు. నాలుగు కొడ్తుండగ చెప్పేటోన్నని అనొచ్చు. ఆమె నమ్మేది.

"చెప్పకపోయేటోణ్ణి," అన్న. "తెర దాక పోనిచ్చేటోణ్ణి."

బయట ఎవరో మద్దెల శృతి చేసుకుంటున్నరు. ఆమె కుర్చీల నుంచి లేవలేదు. నా పెట్టె మూతకున్న అద్దంల చూసుకొని, మళ్ల కండ్లు మూసుకొని, మొఖం నా దిక్కు పెట్టింది. నేను పసుపు కలుపుకొని పని షురూ చేసిన. ఆమె పద్ధతి ప్రకారం మాట్లాడలేదు, నేను సుత మాట్లాడలే.